1966 మస్టాంగ్ కన్వర్టిబుల్, ఓపెన్ ట్రైలర్ మీద 1,500 మైళ్లు: టాప్ (గుడ్డ పైకప్పు) వేసి ఉంచాలా, దించాలా?

ఎడిసన్‌టుఫ్రిస్కో (ప్రశ్న)

అందరికీ నమస్తే. మార్చి మొదటి వారంలో న్యూజెర్సీ ఎడిసన్ నుంచి టెక్సస్ ఫ్రిస్కోకి ఇల్లు మారుతున్నాం. బండిని కూడా తీసుకెళ్లాలి. వివరాలు ఇవి:

1966 మస్టాంగ్ కన్వర్టిబుల్, 289 వీ8, సీ4 ఆటోమేటిక్, పవర్ టాప్ (మోటారుతో లేచి దిగేది). టాప్ గుడ్డ వైనిల్, వెనక కిటికీ జిప్ ఉన్న ప్లాస్టిక్‌ది. రెండూ మార్చి మూడేళ్లయింది, ఇంకా బాగున్నాయి. బరువు 2,900 పౌండ్లు అనుకుంటున్నా.

లాగేది ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు, బ్రేక్ కంట్రోలర్ (ట్రక్కులోంచి ట్రైలర్ బ్రేకులు పట్టించేది) ఉంది. ట్రైలర్ తెలిసినవాళ్లది: 18 అడుగుల ఓపెన్ కార్ హాలర్, రెండు యాక్సిళ్లు, ఖాళీ బరువు సుమారు 2,000 పౌండ్లు. రూటు ఇంటర్‌స్టేట్ 78, 81, 40, 30.

అడిగేవి: టాప్ వేసి ఉంచాలా, దించి బూట్ కవర్ (మడిచిన టాప్ మీద కప్పే గుడ్డ) బిగించాలా? కార్ కవర్ వేసి తాళ్లతో కడితే రాళ్ల దెబ్బ తగ్గుతుందా? స్ట్రాప్‌లు ఎక్కడ పట్టాలి? ఫ్రేముకి కొక్కెం వేసి గట్టిగా కిందకి లాగమని ఒకరు, చక్రాలకే కట్టమని ఇంకొకరు చెప్తున్నారు.

---

వైనిల్‌బాబాయ్

టాప్ వేసే ఉంచండి. కవర్ మాత్రం వేయొద్దు. మీ ప్రశ్నల్లో మొదటి రెండిటికీ జవాబు ఇంతే. కానీ టాప్ ఊరికే వేసి వదిలేస్తే చాలదు.

గాలి టాప్ మీంచి వేగంగా పోతుంటే పైన ఒత్తిడి తగ్గుతుంది. లోపల కదలకుండా ఉన్న గాలి గుడ్డని పైకి నెడుతుంది, గుడ్డ పూరీలా పొంగుతుంది. కొంచెం పొంగితే ఫరవాలేదు, బండి తోలేటప్పుడూ అది మామూలే. చేటు ఎక్కడంటే లోపలికి గాలి దూరినప్పుడు. ఒక్క అద్దం రెండంగుళాలు దిగి ఉన్నా, ముందు త్రికోణపు వెంట్ అద్దం గొళ్లెం పడకపోయినా, గాలి లోపలికి కొట్టి గుడ్డని కింది నుంచి గుద్దుతుంది. అందుకని డోర్ అద్దాలు, వెనక క్వార్టర్ అద్దాలు నాలుగూ పూర్తిగా పైకి. వెంట్ అద్దాలకి గొళ్లెం. డ్యాష్ కింద బయటి గాలి వచ్చే వెంట్‌లు కూడా మూసేయండి, చాలామంది మర్చిపోయేది అదే.

తర్వాత ముందు అంచు. విండ్‌షీల్డ్ ఫ్రేము మీద టాప్ కూర్చునే చోట రెండు లాచ్‌లు ఉంటాయి కదా. లాచ్ వేశాక ఒక విజిటింగ్ కార్డుని రబ్బరుకీ ఫ్రేముకీ మధ్య దూర్చి లాగండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆరేడు చోట్ల చూడండి. ఎక్కడైనా కార్డు సులువుగా జారి వచ్చేస్తే అక్కడ గాలి దూరుతుంది. ఎక్కువగా మధ్యలోనూ, రెండు మూలల్లోనూ వదులుగా ఉంటుంది. గాలి ఒకసారి ఆ అంచు కిందకి వెళ్లిందంటే ముందు రబ్బరు, తర్వాత గుడ్డని పట్టి ఉంచే స్టేపుల్ పిన్నులు ఒక్కొక్కటే లేస్తాయి. బయల్దేరేముందే రబ్బరు మార్పించడమో లాచ్ సర్దించడమో చేయండి. టేపు వేసి సరిపెడదాం అనుకోవద్దు. ఎండకి ఆ జిగురు వైనిల్ మీదే ఉండిపోతుంది.

జిప్ రెండు చివర్లా పూర్తిగా పడిందో లేదో వేలు పెట్టి తడమండి. కుట్లు ముందు తెగేది ఆ చివర్లలోనే.

పొంగకుండా టాప్ మీంచి ఒక బెల్టు అడ్డంగా వేద్దాం అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినొద్దు. గుడ్డ పొంగి దిగినప్పుడల్లా బెల్టు అంచు అదే గీత మీద రాస్తుంది. సాయంత్రానికి వైనిల్ పోయి లోపలి నేత కనిపిస్తుంది.

టాప్ దించే సంగతి: మార్చిలో వర్జీనియా కొండల్లో పొద్దున్నే గడ్డకట్టే చలి ఉండొచ్చు. ఆ చలికి ప్లాస్టిక్ కిటికీ బిరుసెక్కుతుంది, మడత పెడితే మడతలోనే పగులుతుంది. మడిచి రెండు మూడు రోజులు ఉంచితే మచ్చ పడిపోతుంది, ఎండలో పెట్టినా పోదు. ఇక బూట్ కవర్ పట్టేది ప్రెస్ బటన్లతో. ఒక్క బటన్ ఊడితే పక్కవి వరసగా ఊడతాయి. మిగతా గుడ్డ ట్రంక్ మూతని గంటల తరబడి కొడుతూనే ఉంటుంది. మీరు ముందు ట్రక్కులో ఉంటారు, చప్పుడు కూడా వినపడదు.

కార్ కవర్ గురించి. ఎంత బిగించినా 60 మైళ్ల వేగంలో అది కొట్టుకుంటుంది. కింద చేరిన దుమ్ముతో అది గుడ్డ కాదు, శాండ్‌పేపర్. ఫెండర్ అంచులు, హుడ్ మూలలు, డోర్ గీత దగ్గర పెయింట్ ప్రైమర్ దాకా పోతుంది. రాళ్ల దెబ్బలైతే టచప్‌తో పోతాయి, కవర్ రాపిడికి ప్యానెల్ మొత్తం మళ్లీ పెయింట్ చేయించాలి.

---

హుడ్‌కింద

బాబాయ్ గారు చెప్పినదానికి ఇంకో ముక్క. రాళ్లు ఎక్కువగా వచ్చేది ఎదుటి లారీల నుంచి కాదు, మీ ఎఫ్-150 వెనక చక్రాల నుంచే. అందుకని డబ్బు పెట్టేది కారు మీద కాదు, ట్రక్కు మీద పెట్టండి. ట్రక్కు వెనక హిచ్‌కి (ట్రైలర్ తగిలించే చోటు) బిగించే వెడల్పాటి రబ్బరు మడ్ ఫ్లాప్‌లు దొరుకుతాయి, నేలకి అయిదారు అంగుళాల పైదాకా దిగేలా బిగించండి. ఎగ్జాస్ట్ గొట్టానికి తగలకుండా చూడండి, కరుగుతుంది. ట్రైలర్ ముందు భాగంలో అడ్డు పలక ఉంటే ఇంకా మేలు.

ఫెండర్ మీద యాంటెన్నా విప్పేయండి. అది ఊగి ఊగి కింది రబ్బరు చుట్టూ పెయింట్ పగులుతుంది.

ఇంకోటి. పెట్రోలు పావు ట్యాంకు మించి ఉంచొద్దు. 65, 66 మస్టాంగ్‌లో ట్యాంకు పైభాగమే ట్రంక్ నేల. పెట్రోలు మూత బండి వెనక ప్యానెల్ మధ్యలో ఉంటుంది, దానికి గాలి రంధ్రం ఉంటుంది. నిండు ట్యాంకుతో ర్యాంప్ ఎక్కిస్తే ముక్కు పైకి లేచి మూతలోంచి కారుతుంది. బంపర్ మీద, దాని కింద పెయింట్ మీద పసుపు చారలు పడతాయి.

---

స్ట్రాప్‌కాటా

మూడో ప్రశ్నకి జవాబు: చక్రాలకే కట్టండి. ఈ బండికి ఇందులో రెండో మాట లేదు.

మస్టాంగ్‌కి విడి ఫ్రేము ఉండదు, బాడీయే ఫ్రేము. పైకప్పు లేదు కాబట్టి కన్వర్టిబుల్‌కి బలమంతా రాకర్లలోనూ (డోర్ల కింద పొడవునా ఉండే రేకు దూలాలు), కింద అదనంగా వేసిన రేకుల్లోనూ ఉంటుంది. బాడీకి కొక్కెం వేసి స్ప్రింగులు సగం కుంగేదాకా కిందకి లాగితే, గుంత తగిలిన ప్రతిసారీ చక్రం పైకి నెడుతుంది, స్ట్రాప్ కిందకి లాగుతుంది, మధ్యలో బాడీ వంగుతుంది. ఇంకా ఒక ఇబ్బంది ఉంది. గట్టి కుదుపుకి స్ప్రింగు ఇంకాస్త కుంగితే ఆ క్షణం స్ట్రాప్ వదులవుతుంది, కొక్కెం ఊడిపోవచ్చు. చక్రాన్ని పట్టుకుంటే పైన బాడీ తన సస్పెన్షన్ మీద తాను ఊగుతుంది, స్ట్రాప్ బిగువు మారదు.

పరీక్ష ఒకటి చెప్తాను. బండి ట్రైలర్ మీద ఊరికే నిలబడి ఉన్నప్పుడు డోర్‌కీ వెనక క్వార్టర్ ప్యానెల్‌కీ మధ్య సందులో, పై అంచున, పెన్నీ నాణేలు ఎన్ని పడతాయో చూసుకోండి. నాణేలకి మాస్కింగ్ టేప్ చుట్టండి, గీత పడకుండా. స్ట్రాప్‌లన్నీ బిగించాక మళ్లీ దూర్చండి. ఇప్పుడు పట్టకపోతే బాడీ వంగినట్టే. విప్పి మళ్లీ కట్టండి.

సామాను: 2 అంగుళాల ర్యాచెట్ స్ట్రాప్‌లు నాలుగు, ఒక్కోటి 3,333 పౌండ్ల పని బరువుది. దాని తెగే బరువు 10,000 అని రాసి ఉంటుంది, ఆ అంకె చూసి కొనొద్దు, పని బరువే చూడండి. ఒకటి అదనంగా ఉంచుకోండి.

ముందు చక్రాలకి టైరు మీంచి వేసే రకం, రబ్బరు దిమ్మెలు ఉన్నవి. స్టీరింగ్ నిటారుగా పెట్టి కట్టండి. 66 మోడల్‌కి స్టీరింగ్ లాక్ లేదు, స్ట్రాప్‌లే దాన్ని పట్టి ఉంచాలి. వెనక టైరుకీ ఫెండర్ అంచుకీ మధ్య ఖాళీ తక్కువ. టైరు మీంచి స్ట్రాప్ వేస్తే బాడీ కుదిపినప్పుడు ఆ అంచు స్ట్రాప్ మీద దిగుతుంది. స్ట్రాప్ తెగడమో పెయింట్ లేవడమో, రెండిట్లో ఏదో ఒకటి. వెనక మాత్రం యాక్సిల్ ట్యూబుకి (రెండు వెనక చక్రాల్ని కలిపే ఇరుసు గొట్టం, అదీ చక్రాలతోనే కదులుతుంది) చుట్టే పట్టీలు వాడండి. కానీ పాకి చూసి చుట్టండి. యాక్సిల్ మీదుగా రెండు చక్రాలకీ ఉక్కు బ్రేక్ గొట్టం పోతుంది. పట్టీ దాని మీద పడితే గొట్టం నలుగుతుంది. అక్కడ ఏమీ తెలీదు, ఫ్రిస్కోలో మొదటిసారి పెడల్ తొక్కినప్పుడు తెలుస్తుంది.

ముందు భాగంలో టై రాడ్, స్వే బార్, స్ట్రట్ రాడ్ (స్టీరింగ్, సస్పెన్షన్ కడ్డీలు) వీటిలో దేనికీ కొక్కెం వేయొద్దు.

ముందు స్ట్రాప్‌లు ముందుకీ, వెనకవి వెనక్కీ లాగాలి. ర్యాచెట్ డ్రమ్ము మీద బెల్టు రెండు మూడు చుట్లు పడాలి. మిగిలిన తోకని చుట్టి గట్టిగా కట్టేయండి. తోక వదిలేస్తే రోజంతా రాకర్‌ని కొరడాలా కొడుతుంది.

బయల్దేరాక 50 మైళ్లకి ఆగి నాలుగూ చూడాలి, తర్వాత ప్రతి 150 మైళ్లకి. సరకు లారీల డ్రైవర్లకి రూలే అది, మీకు రూలు కాకపోయినా పాటించండి. కారు టైర్లలో గాలి కూడా చూడండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. టైరు మెత్తబడితే ముందు చక్రాల స్ట్రాప్‌లు వదులవుతాయి.

గేర్ పార్క్‌లో. హ్యాండ్ బ్రేక్ ఎక్కించేటప్పుడు మాత్రమే వాడండి. తడిసిన డ్రమ్ములో బ్రేక్ షూ మూడు రోజులు బిగిసి ఉంటే తుప్పుతో అతుక్కుపోతుంది. దాని బదులు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు, ట్రైలర్ నేలకి మేకులతో.

---

ఎడిసన్‌టుఫ్రిస్కో

చాలా థాంక్స్ అందరికీ. బాడీకి కట్టే ఆలోచన మానుకున్నా. ఇంకో డౌటు: కారుని ట్రైలర్ మీద ఎంత ముందుకి పెట్టాలి? వెనక్కి తిప్పి ఎక్కిస్తే దిగడం సులువని ట్రైలర్ ఇచ్చినాయన అంటున్నారు. అలాగే ఎన్‌క్లోజ్డ్ (డబ్బాలా మూసి ఉన్న) ట్రైలర్ అద్దెకి తీసుకుంటే ఈ తలనొప్పులన్నీ పోతాయా?

---

ముక్కుబరువు

వెనక్కి తిప్పి ఎక్కియ్యొద్దు తమ్మీ. ఇంజన్ బరువంతా ట్రైలర్ వెనక్కి పోతది. వెనక బరువెక్కితే ట్రైలర్ తోక ఆడించుడు మొదలుపెడ్తది, 60 మీద ఒక్కసారి ఊగితే ఆపుడు కష్టం. పైగా టాప్ ఎదురుగాలికి చేసింది, వెనకనుంచి గాలి కొడితే ప్లాస్టిక్ కిటికీ లోపలికి గుంతపడ్తది, జిప్ మీద భారమంతా పడ్తది. ట్రంక్ మూత వెనక అంచు కింద కూడా గాలి జొరబడ్తది.

లెక్క చూడు. ట్రైలర్ 2,000, కారు 2,900, మొత్తం 4,900. హిచ్ బాల్ (ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మీద పడే బరువు అందులో 10 నుంచి 15 శాతం ఉండాలె, అంటే 490 నుంచి 735 పౌండ్లు. 12 శాతం దగ్గర, 590 పెట్టుకో. కారుని ఎంత జరిపితే ఎంత మారుతదంటే: కప్లర్ (ట్రైలర్ ముందు కొసన బాల్ మీద కూర్చునేది) నుంచి రెండు యాక్సిళ్ల మధ్య దాకా టేపు పెట్టి కొలువు. అది 156 అంగుళాలు అనుకుందాం. 2,900ని 4తో గుణించి 156తో భాగిస్తే 74. అంటే కారుని 4 అంగుళాలు ముందుకి జరిపితే బాల్ మీద 74 పౌండ్లు పెరుగుతది. దారి తెలిసింది గదా, ఎక్కించి, కొలిచి, జరుపు.

కొలిచేదెట్ల అంటే, హైవే మీద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) ఉంటది. ఒకసారి ట్రైలర్ తగిలించి, ట్రక్కు రెండు యాక్సిళ్లు ముందున్న రెండు పలకల మీద, ట్రైలర్ చక్రాలు వెనక పలక మీద పడేటట్టు తూకం వేయించు. ఇంకోసారి ట్రైలర్ ఇప్పేసి ట్రక్కు ఒక్కటే. రెండు తూకాల్లో ట్రక్కు బరువు తేడానే బాల్ మీద బరువు. రెండుసార్లూ ట్రక్కులో అదే మనుషులు, అదే సామాను, ట్యాంకు కూడా అంతే ఉండాలె.

నీ ఎఫ్-150 రిసీవర్ (హిచ్ దూర్చే గొట్టం) కింద స్టిక్కర్ చదువు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బాల్ మీది బరువుని మిగతా యాక్సిళ్లకి పంచేది) లేకుంటే 5,000 పౌండ్లు, బాల్ మీద 500 దాకే అని చాలావాటికి రాసి ఉంటది. నీది మొత్తం 4,900, బాల్ మీద 590. అంటే ఆ హిచ్ కావాలె. సందేహమే లేదు.

కన్వర్టిబుల్ అంటే పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ ఉన్నోళ్లు కూడా ఇది చదువుతుంటే: మీ ఇంజన్ వెనకుంది గదా అని తిప్పి ఎక్కియ్యొద్దు, గాలి బాధ మీకూ అదే. ముక్కు ముందుకే పెట్టి, ఇంకా ముందుకి జరపాలె, అంతే.

ఒకవేళ ట్రైలర్ ఊగితే ట్రక్కు బ్రేకు తొక్కకు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, కంట్రోలర్ మీద చేతి మీటని మెల్లగా జరిపి ట్రైలర్ బ్రేకు ఒక్కటే పట్టించు.

ట్రైలర్ టైర్లు చూసినవా? పక్కన ఎస్టీ (స్పెషల్ ట్రైలర్) అని ఉండాలె. డీఓటీ గీతలో ఆఖరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 3518 అంటే 2018లో 35వ వారం. ఆరేళ్లు దాటితే మందం బాగున్నా మార్పించు. టైరు పక్కన రాసిన గరిష్ఠ గాలి చల్లగున్నప్పుడే నింపు. వేరేగా రాసి లేకుంటే 65 మైళ్లు దాటకు. ఆగిన ప్రతిసారి నాలుగు హబ్బులు అరచేత్తో దగ్గరపెట్టి చూడు, ఒక్కటే మిగతావాటికన్న వేడిగుంటే బేరింగ్ పోతున్నట్టు.

---

వైనిల్‌బాబాయ్

ఎన్‌క్లోజ్డ్ గురించి అడిగారు. ఉప్పు, వాన, రాళ్లు పోతాయి, నిజమే. కానీ 20 అడుగుల డబ్బా ఖాళీగానే 3,500 పౌండ్ల పైమాట, కారుతో 6,400 దాటుతుంది. పక్కగాలి తగిలితే ట్రక్కు మొత్తం జరుగుతుంది. 81 మీద వరసగా పెద్ద లారీలు. ఓనర్ మాన్యువల్‌లో ట్రైలర్ ముఖం వైశాల్యానికి ఒక హద్దు ఇస్తారు, అది చూడకుండా తీసుకోవద్దు.

లోపలికి ఎక్కించాక డోర్ తెరవడం ఇంకో తిప్పలు. మస్టాంగ్ వెడల్పు 68 అంగుళాల పైన, డోర్లు పొడవాటివి, లోపల చక్రాల గూళ్ల మధ్య మిగిలే చోటు తక్కువ. ఇక్కడ మాత్రం కన్వర్టిబుల్ వాళ్లకి ఒక సుఖం ఉంది: టాప్ దించి ఎక్కించి, బూట్లు విప్పి, సీటు మీంచి వెనక్కి దిగిపోవచ్చు. టాప్‌ని తర్వాత బయటినుంచి వేసుకోవాలి కాబట్టి వెచ్చగా ఉన్న పూట ఎక్కించండి. వించ్ (బండిని తీగతో లోపలికి లాగేది) ఉంటే ఇదంతా అక్కర్లేదు. డబ్బాలో పైన అరల్లో ఏమీ పెట్టొద్దు. ఒక్క జాక్ జారితే చాలు.

నన్నడిగితే మీ ట్రక్కుకి ఓపెనే సరి. లేదంటే ఎన్‌క్లోజ్డ్ తోలే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి ఇచ్చేయండి. ఇస్తే మాత్రం ఎక్కించేముందు ఫొటోలు, బండి మీద ఉన్న గీతలన్నీ బిల్ ఆఫ్ లేడింగ్ (సరకు రసీదు)లో రాయించుకోవడం, టాప్ తీసేది వేసేది మీరే చూపించడం. మధ్యలో లారీ మార్చినప్పుడు డ్రైవరు తెలియక లాచ్ తీయకుండా స్విచ్ నొక్కితే పంపు మోటారుకీ, టాప్ ఇనుప బద్దలకీ దెబ్బ.

---

హుడ్‌కింద

ఉప్పు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. మార్చి మొదటి వారమంటే పెన్సిల్వేనియా, వర్జీనియాల్లో 81 మీద ఇంకా ఉప్పు ఉంటుంది. మంచు పడేముందు ఉప్పునీళ్లు చల్లుతారు, అది ఆరాక తెల్ల పొడిగా లేచి అన్ని సందుల్లోకీ వెళ్తుంది. తేదీ మీ చేతిలో ఉంటే మంచు పడ్డాక రెండు గట్టి వానలు పడేదాకా ఆగండి, రోడ్డు కడుక్కుపోతుంది.

ఈ బండ్లకి అసలు జబ్బు కౌల్. విండ్‌షీల్డ్ కింద జాలీ ఉంది చూడండి, దాని లోపల గాలి గొట్టం చుట్టూ రేకు తుప్పు పట్టి ఉంటే వాన నీళ్లు నేరుగా ముందు కార్పెట్ మీద పడతాయి. ఇప్పుడే ఇంట్లో ఒక చెంబుడు నీళ్లు జాలీలో పోసి, డ్యాష్ కింద టార్చ్ వేసి చూడండి. కారితే ప్రయాణానికి ముందు జాలీ మీద ప్లాస్టిక్ షీటు పరిచి, జిగురు తక్కువ ఉన్న పెయింటర్స్ టేపుతో అంటించండి. పెయింట్ మీద కాదు, వీలైనంతవరకూ జాలీ మీదే. రోజూ సాయంత్రం టేపు తీసి కొత్తది వేయాలి, ఎండకి వదిలేస్తే అదీ అతుక్కుంటుంది. ఆ చెంబుడు నీళ్లే కారకపోతే టేపు అసలు వేయొద్దు.

దిగాక: 24 గంటల్లోపు కింద భాగమంతా మామూలు నీళ్లతో కడగండి. ప్రెషర్ వాషర్ వద్దు, అది ఉప్పుని సీముల్లోకి ఇంకా లోతుకి తోస్తుంది. తోట గొట్టం పెట్టి, తక్కువ ధారతో, ఎక్కువసేపు. డోర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోలేదు కదా అని అగ్గిపుల్లతో పొడిచి చూడండి. ప్లాస్టిక్ కిటికీని పొడి గుడ్డతో తుడవొద్దు, దుమ్ము గీతలు పడతాయి, ముందు నీళ్లు పోయండి. టాప్ తడిగా ఉంటే ఆరేదాకా మడవొద్దు, మూడు రోజుల్లో బూజు వాసన వస్తుంది. యాక్సిల్ పట్టీలు తీసినచోట బ్రేక్ గొట్టం ఒకసారి తడిమి చూసి, అప్పుడు స్టార్ట్ చేయండి.

---

ఎడిసన్‌టుఫ్రిస్కో

చెంబుడు నీళ్లు ఇప్పుడే పోసి చూశా. కుడివైపు కారింది, ఎడమవైపు పొడిగా ఉంది. టేపు కుడివైపుకి మాత్రమే వేస్తే చాలా, మొత్తం జాలీ కప్పాలా?

---

హుడ్‌కింద

మొత్తం కప్పండి. జాలీ కింద రెండు వైపులా ఒకటే తొట్టి. ట్రైలర్ పక్కకి వాలి ఉన్న చోట ఆగితే ఎడమవైపు పడ్డ నీళ్లు కూడా కుడివైపుకే పోతాయి.